దుబాసీ కుర్చీ

8 మార్చి 1996, శుక్రవారం

సివిల్స్ మెయిన్స్ రిజల్టు వచ్చింది. నా నంబరుంది. ఇది నాలుగో అటెంప్టు, ఇంక లేవు. ఇంటర్వ్యూ దాకా పోవడం రెండోసారి. ఎగిరి గంతెయ్యాలి నిజానికి. వెయ్యలేదు. ఎందుకంటే నా రూమ్మేటు అరుంధతి నంబరు కూడా ఉంది. దానికి ఇది మొదటి అటెంప్టు.

మొదటిది! నల్గొండ జిల్లాలో ఏదో ఊళ్ళో టీచరు ఉద్యోగం మానేసి కిందటేడు వచ్చింది. ఈ ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఏ బస్సు ఎక్కడాగుతుందో చూపించింది నేను. నోట్సు ఇచ్చింది నేను. తెలుగులో పరీక్ష రాస్తానంటే, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇస్తానంటే, నీ ఇష్టమమ్మా అని లోపల నవ్వుకున్నదీ నేనే.

కింద ఇంటివాళ్ళ ఆంటీ లడ్డూలు తెచ్చింది. నాకొకటి, దానికి రెండు. పాపం చిక్కిపోయిందిట. అంటే నేను దున్నపోతులా ఉన్నాననా?

10 మార్చి, ఆదివారం

సాకేత్ వెళ్ళొచ్చాం. రెండు బస్సులు మారి, నుంచునే.

మాథుర్ సాబ్ రిటైర్డ్ ఆఫీసరు. ఏటా ఈ రెండు నెలలూ ఆదివారాలు వాళ్ళ డ్రాయింగ్ రూములో మాక్ ఇంటర్వ్యూలు చేస్తారు, పైసా తీసుకోరు. పక్కన ప్రొఫెసర్ మేడం ఒకావిడ కూర్చుంటుంది. ఇద్దరికీ తెలుగు ముక్క రాదు. అరుంధతిది తెలుగు మీడియం అనగానే ఆయన మొహంలో కొత్త ఉత్సాహం వచ్చింది. అసలు బోర్డులో పక్కన ఇంటర్‌ప్రెటర్ కూర్చుంటాడు కాబట్టి ఇక్కడా అలాగే జరగాలన్నారు. ఇంకో కుర్చీ తెప్పించి దాని పక్కన వేయించారు. నా ఇంగ్లీషు బావుంటుంది, ఇద్దరం ఒకే గది, కనక ఆ కుర్చీ నాది.

తప్పకుండా సర్ అన్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఈ డైరీకైనా చెప్పుకోవాలి. దాని జవాబులన్నీ ముందే వినొచ్చు కదా అని.

ఆయనదొక రూలుంది. అసలు ఇంటర్వ్యూ అయినవాళ్ళు వారంలోగా వచ్చి, ఏం అడిగారో, మనం ఏం చెప్పామో ఆయన రిజిస్టర్లో రాసిపోవాలి. వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. పన్నెండేళ్ళ రాతలున్నాయి అందులో. నేను పోయినసారి రెండు పేజీలు రాసి ఫెయిలయ్యాను.

17 మార్చి, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాథుర్ సాబ్ అరుంధతిని మద్యనిషేధం గురించి అడిగారు. ఆంధ్రా వాళ్ళని అందరూ అడిగేదే. నా దగ్గర దీనికి ఆరు పాయింట్లున్నాయి. ఎక్సైజు ఆదాయం, కల్తీ, పొరుగు రాష్ట్రాల నుంచి స్మగ్లింగు, మహిళా ఉద్యమం, అన్నీ.

అదేం చెప్పిందంటే, వాళ్ళ ఊళ్ళో సారా కొట్టు మూతపడ్డాక వాళ్ళ నాన్న పొద్దుగూకే వేళకి ఇంటికి రావడం మొదలుపెట్టాడుట. వచ్చి అరుగు మీద కూర్చునేవాడుట. వాళ్ళమ్మకి ఆయనతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదుట. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ వేళప్పుడు ఆయన ఇంట్లో ఉండగా ఎప్పుడూ చూడలేదు కదా. ఆ మొదటి వారం ఇద్దరూ మాట్లాడకుండా పల్లికాయలు ఒలుస్తూ కూర్చున్నారుట. విత్తనానికి దాచినవి కూడా ఒలిచేశారుట. ఎనిమిదో రోజు వాళ్ళమ్మ, చేతులు నొప్పెడుతున్నయా అని అడిగిందిట. తనకి తెలిసిన నిషేధం అదేనని చెప్పింది.

చెప్పి నా వైపు చూసింది. వాళ్ళిద్దరూ కూడా నా వైపే చూశారు.

నాలుగేళ్ళు, ఎన్ని పేపర్లు, ఎన్ని కటింగులు! ఇలాంటిది ఒక్కటంటే ఒక్కటి నా దగ్గర లేదు. ఎలా వస్తుంది దానికి? చదివి వచ్చేదైతే నేనూ చదువుదును.

ప్రొహిబిషన్ హాజ్ ఇంప్రూవ్డ్ ఫ్యామిలీ లైఫ్, సర్. అన్నాను.

అంతే. అంత సేపు మాట్లాడింది, ఇంతేనా అని ప్రొఫెసర్ మేడం కనుబొమలెత్తింది. నేను చిన్నగా నవ్వాను, కొందరు అలా సాగదీస్తారు అన్నట్టు. చివర్లో ఆవిడ, విషయం ఉందిగానీ జవాబులు పలచగా ఉన్నాయి, పుస్తకంలో వాక్యాల్లా ఉన్నాయి అంది. అరుంధతి తలూపింది.

18 మార్చి

పొద్దున మూడు పరాఠాలు తిన్నాను. చాన్నాళ్ళకి ఆకలేసింది.

24 మార్చి, ఆదివారం

మళ్ళీ చేశాను. ఈసారి తేలిగ్గానే వచ్చింది. టీచరు ఉద్యోగం ఎందుకు మానేశావని అడిగితే అది ఒక పిల్ల కథ చెప్పింది. హాజరుపట్టీలో ఏడాదంతా ప్రెజెంటు పడి, చేలో కూలికి పోయే పిల్ల. ఆ పట్టీలో సంతకం పెట్టింది తనేట. నేను దాన్ని, షి వాంట్స్ టు సర్వ్ రూరల్ ఎడ్యుకేషన్, అని కుదించాను.

తర్వాత నా మాక్. గడగడా చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అయ్యాక మాథుర్ సాబ్ కళ్ళజోడు తుడుచుకుంటూ, నా మాటలు వింటుంటే మంచి మ్యాగజైను చదివినట్టుందన్నారు. థాంక్యూ సర్ అన్నాను. అది మెచ్చుకోలు కాదని ఆయనే చెప్పారు. ఇందులో నువ్వెక్కడున్నావమ్మా అని అడిగారు.

బస్సులో అరుంధతి నాకు సీటు ఆపింది. ఒళ్ళు మండిపోయింది.

28 మార్చి

కరోల్ బాగ్ వెళ్ళాం, ఇంటర్వ్యూకి చీర కొనాలని. నాలుగు కొట్లు తిరిగి లేత నీలం కాటన్ తీసుకున్నాను. అది ఏమీ కొనలేదు. ఇంటి నుంచి పోచంపల్లి చీర పంపారుట. గదికొచ్చి కట్టి చూపించింది. ఎలా ఉందక్కా అంది. కొంచెం గాడీగా, రంగులు ఎక్కువైనట్టు ఉందన్నాను.

ఎంత బావుందో. దేవుడా, ఎంత బావుందో.

31 మార్చి, ఆదివారం

ఏదో మారింది. అరుంధతి ఇవాళ ప్రతి ప్రశ్నకీ రెండే వాక్యాలు చెప్పి ఆపేసింది. పిల్లా లేదు, నాన్నా లేడు, పల్లికాయలూ లేవు. నేను కొయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. క్లుప్తంగా ఉంది, గుడ్, అన్నారు మాథుర్ సాబ్. ప్రొఫెసర్ మేడం మాత్రం ఇంకా ఏదో వస్తుందేమోనన్నట్టు కాసేపు చూసింది.

గెలిచినట్టే కదా నేను? అలా అనిపించడం లేదు.

7 ఏప్రిల్, ఆదివారం

బస్సు దిగేలోగా చెప్పేద్దామనుకున్నాను. నీ జవాబులు బావుండేవి, నేనే చెప్పలేదు, మళ్ళీ అలాగే చెప్పు, అని. మూడు వాక్యాలు. మాల్ రోడ్ దాకా మనసులో తిప్పుకున్నాను. అప్పుడది కిటికీలోంచి చూస్తూ, నేను గనక పక్కన లేకపోతే తన పని ఏమయ్యేదో అంది. అంత మంచితనం ఎవడు భరిస్తాడు? నోరు మూసుకున్నాను.

14 ఏప్రిల్

ఎండలు మొదలు. కూలర్ దాని మంచం వైపు తిరిగి ఉంది. తిప్పుకున్నాను.

25 ఏప్రిల్, గురువారం

దాని ఇంటర్వ్యూ ఇవాళ. పొద్దున యూపీఎస్సీ వాళ్ళ ధోల్‌పూర్ హౌస్ గేటు దాకా నేనే ఆటోలో దింపాను. సాయంత్రం నాలుగింటికి వచ్చింది. పోచంపల్లి చీర మడత నలగలేదు. మంచినీళ్ళు తాగి, మంచం మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పింది.

ఇంటర్‌ప్రెటర్ పెద్దాయనట. దాని ప్రతి మాటా చెప్పాడుట. అది మధ్యలో ఆగితే ఆయనా ఆగాడుట. ఒకచోట తగాదా అనడానికి ఊర్ల పంచాయితీ అని వాళ్ళ పలుకుబడిలో అంటే, దాన్ని కూడా విడమరిచి చెప్పాడుట. కానీ తనకి రెండు వాక్యాలు చెప్పి ఆపడం అలవాటైపోయింది కదా, రెండు చెప్పి ఆపేసిందిట. వాళ్ళు ఇంకా చెప్తుందేమోనని ఎదురుచూశారుట. చైర్మన్ గారు రెండుసార్లు, ఇంకేమైనా చెప్పదలిచావా అని అడిగారుట. ఎంత గుంజినా నోట్లోంచి రాలేదుట. మద్యనిషేధం అసలు అడగనే లేదుట.

తర్వాత ఇంకో మాట అంది. తనకి ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు గానీ వింటే అర్థమవుతుందని. సర్కారు బడిలో చదివినా రేడియో వార్తలు రోజూ వినేదాన్నని.

నేను చీరలు మడతపెడుతున్నాను. మడతపెడుతూనే ఉన్నాను.

మొదటి ఆదివారమే తెలిసిందిట. మొదట ఏడుపొచ్చిందిట. తర్వాత, అక్క నోట్లో కూడా చెడిపోకుండా ఉండేంత చిన్నగా చెప్పడం నేర్చుకుంటే ఏ ఇంటర్‌ప్రెటర్ వచ్చినా భయం లేదనుకుందిట. అక్కడికెళ్ళాక అంత మంచివాడు దొరుకుతాడని అనుకోలేదుట. అందుకే తప్పు తనదేనంది.

తప్పు తనదిట! నన్ను నాలుగు తిడితే ఏం పోయేది? జుట్టు పట్టుకుని లాగితే పోయేది కాదా? అదీ చెయ్యదు.

26 ఏప్రిల్

సారీ చెప్పలేదు.

2 మే

ఇంకా చెప్పలేదు. ఇవాళ టీ పెట్టి ఇచ్చాను. తాగింది.

14 మే, మంగళవారం. సాయంత్రం 6

నా ఇంటర్వ్యూ అయిపోయింది. చీరైనా మార్చుకోకుండా రాస్తున్నాను. బాగా జరిగినందుకు.

మొదట పావుగంట మామూలే. లోటు బడ్జెట్టు, పంచాయతీరాజ్, ఎన్నికలు. గడగడా చెప్పాను. చైర్మన్ గారు పెన్సిల్ తిప్పుకుంటున్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళకి ఎప్పుడు విసుగొస్తుందో నాకు తెలుసు. పోయినసారి ఆ కుర్చీలోనే చూశాను. అయిపోయింది, ఇంక బాపట్లకి పోయి ట్యూషన్లు చెప్పుకోవడమే అనుకున్నాను.

అప్పుడు లేడీ మెంబరు మద్యనిషేధం అడిగారు.

ఆరు పాయింట్లలో మొదటిది నోటి చివర దాకా వచ్చింది. అది కాక ఇంకోటి బయటికొచ్చింది. మా ఇంటి సంగతి చెప్తాను మేడం, అన్నాను. మా నాన్న, అన్నాను.

మా నాన్న బాపట్లలో తెలుగు పండితుడు. సారా మాట దేవుడెరుగు, కాఫీ కూడా ముట్టడు. పొద్దునా సాయంత్రం మజ్జిగే.

అంతా చెప్పాను. పొద్దుగూకే వేళా, అరుగూ, అమ్మకి మాట తోచకపోవడం, విత్తనం కాయలు కూడా ఒలిచేయడం, ఎనిమిదో రోజు చేతులు నొప్పెడుతున్నాయా అని అడగడం. మంచి ఇంగ్లీషులో, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. చైర్మన్ గారు పెన్సిల్ కిందపెట్టారు. నా ఫారం చూసి, మీ నాన్నగారు ఉపాధ్యాయులు కదా అన్నారు. అవును సర్, అందుకే మేం ఎవరికీ చెప్పుకోలేకపోయాం, అన్నాను.

అదెక్కడి నుంచి వచ్చిందో నాకే తెలీదు. అది మాత్రం నా సొంతం.

లేడీ మెంబరు ఏదో రాసుకున్నారు. బయటికొచ్చేటప్పుడు అందరూ నవ్వుతున్నారు.

14 మే. రాత్రి

అరుంధతి ఏమేం అడిగారని అడిగింది. లోటు బడ్జెట్టు, పంచాయతీరాజ్, ఎన్నికలు అని చెప్పాను.

19 మే, ఆదివారం

సాకేత్ ఒక్కదాన్నే వెళ్ళాను. అది ప్రిలిమ్స్ చదువులో పడింది. ఎందుకైనా మంచిదని మళ్ళీ మొదలుపెట్టిందిట.

రిజిస్టర్ ముందర కూర్చున్నప్పుడు మద్యనిషేధం వదిలేసి రాయొచ్చు. ఎవరడిగారు? కానీ బుద్ధి ఊరుకుంటేనా. పోయినసారి రెండు పేజీల పక్కన ఈసారి ఐదు పేజీలు రాశాను. అందులో రెండున్నర పల్లికాయలే. మాథుర్ సాబ్ నా భుజం మీంచి చదివి, ప్రొఫెసర్ మేడంకి పైకి చదివి వినిపించారు. ఆవిడ కళ్ళజోడు తీసేసింది. ఇంత మంచి సంగతి ఇన్ని ఆదివారాలు మా దగ్గర ఎందుకు దాచావమ్మా అంది.

ఇదే గదిలో, ఇదే సోఫా ముందు, ఆవిడ దీన్ని ఒకసారి విన్నది. వినలేదు. నేను వినిపించలేదు.

సిగ్గుపడాలి కదా. పడ్డాను. కానీ ఆ కాస్సేపూ ఆ కథ నాదే అయితే ఎంత బావుణ్ణోనని కూడా అనిపించింది. తాగుబోతు నాన్న కోసం ఈర్ష్యపడే మనిషి ఉంటుందా? ఉంది, ముఖర్జీ నగర్‌లో.

30 మే, గురువారం

నా పేరుంది. 317వ ర్యాంకు.

దాని పేరు లేదు. నాలుగుసార్లు చూశాం, వేలు పెట్టి, వరసగా. నాలుగోసారి అదే నా చెయ్యి పట్టుకుని ఇంక చాలక్కా అంది. ఎస్టీడీ బూత్‌లో లైన్లో తనే నిలబడి బాపట్ల కలిపింది. నాన్న ఏడ్చారు. నేనూ ఏడ్చాను. దేనికో నాకు తెలుసు, ఆయనకి తెలీదు.

దానికింకా మూడు అటెంప్టులున్నాయి. ఈ మాట ఎందుకు రాస్తున్నాను? నాకు మంచిగా అనిపించాలనా?

2 జూన్, ఆదివారం

నాన్న నిన్న ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. ఒక సంచీ నిండా పూతరేకులు. మాథుర్ సాబ్‌ని చూసి దణ్ణం పెట్టుకోవాలని పట్టు. వద్దు, ఊళ్ళో లేరు, ఎండ, అన్నీ చెప్పాను. వినరే. పైగా అరుంధతిని, నువ్వూ రా తల్లీ, నీకూ గురువే కదా అన్నారు. అది వచ్చింది.

మాథుర్ సాబ్ గేటు దాకా వచ్చారు. నాన్న పంచె, కండువా చూసి రెండు చేతులూ పట్టుకున్నారు. లోపల కూర్చోబెట్టి మొదలుపెట్టారు, ఇంగ్లీషూ హిందీ కలిపి, ఆపకుండా. అన్నేళ్ళ అలవాటుని ఒక్కసారిగా వదలడం ఎంత కష్టమో తనకి తెలుసన్నారు. తన తమ్ముడు వదల్లేకే చనిపోయాడన్నారు. ఒక కూతురు తండ్రి గురించి బోర్డు ముందు అంత నిజాయితీగా చెప్పడం తన సర్వీసులో వినలేదన్నారు. ఆ సాయంత్రాలు, మీ భార్య, మీ ఇద్దరి చేతుల్లో ఆ వేరుశెనక్కాయలు, అన్నారు.

అరుంధతి నా పక్కనే ఉంది. నేను తలెత్తలేదు. దాని చెప్పుల వైపు చూస్తున్నాను. కుడి చెప్పుకి పిన్నీసు పెట్టుంది.

నాన్నకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నా వైపు తిరిగి, ఏమంటున్నారమ్మా ఆయన, అని అడిగారు. ఏం చెప్పను? ఏదో ఒకటి చెప్పొచ్చు. రెండు ఆదివారాలు చేసిన పనే కదా. నాలిక కదిలితేగా.

ఆయన మళ్ళీ అడిగారు. మాథుర్ సాబ్ కూడా నా వైపే చూస్తున్నారు, చెప్పు బేటీ అన్నట్టు.

అరుంధతి ముందుకు జరిగింది. నాన్నతో, అమ్మాయిని మంచిగ పెంచినరని అంటున్నరు మామయ్యా, అని చెప్పింది.

అంతే చెప్పింది.

నాన్న కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ జోడించి, ఆ ఇంటిని, ఆ బిడ్డల్ని, ఆ చదువుల్ని దీవిస్తూ పండితుడి తెలుగులో చాలాసేపు చెప్పారు. అరుంధతి ఈసారి మాథుర్ సాబ్ వైపు తిరిగి, ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ, అంతా చెప్పింది. అది ఇంగ్లీషు మాట్లాడగా వినడం నాకిదే మొదలు. వ్యాకరణం సరిగా లేదు. ఒక్క దీవెన కూడా వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాన్న దాని పక్కన కూర్చున్నారు. ఈ పిల్ల నిజంగా మంచి పిల్ల అని నాతో మూడుసార్లు అన్నారు. అప్పుడు కూడా, ఆ స్థితిలో కూడా, నాకు ఈర్ష్యే వచ్చింది.

3 జూన్

అరుంధతి పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళిపోయింది. ప్రిలిమ్స్ ఆదివారం.

నిన్న అక్కడ కూర్చున్నది వాళ్ళ నాన్నయి, నా కథ ఎత్తుకున్నది అదయి, పక్కన నేనుండి, ఏమంటున్నారమ్మా ఆయన అని నన్నడిగుంటే?

పూర్తిగా చెప్పేదాన్ని. అక్షరం పొల్లుపోకుండా.